గౌనా, ట్యూనిక్కా, స్క్రబ్సా? యూకే వెళ్లే నర్సు చెల్లెళ్లకి

వైజాగ్ నుంచి యూకే వెళ్లబోయే అమ్మాయిలు ఓఈటీ (ఇంగ్లిష్ పరీక్ష) గురించీ ఓస్కీ (అక్కడి నర్సుల ప్రాక్టికల్ పరీక్ష) గురించీ అడగాల్సినవన్నీ అడిగేశాక, చివర్లో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కా, అక్కడ డ్యూటీకి గౌను వేసుకోవాలా?" ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చినవాళ్లూ అడిగారు, గాజువాక నుంచి ఫోన్ చేసినవాళ్లూ అడిగారు, ఒకరిద్దరి అమ్మలు కూడా అడిగారు.

వేసుకోనక్కర్లేదు. ముందు ఆ టెన్షన్ తీసేయండి. ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, దాని వార్డుల్లో మామూలుగా కనిపించేది ట్యూనిక్, ప్యాంటు. ట్యూనిక్ అంటే నడుము కిందికి వచ్చే పొట్టి చేతుల టాప్, జేబులుంటాయి. చాలా ఆసుపత్రుల్లో గౌను కూడా ఇస్తారు గానీ, కావాలని అడిగినవాళ్లకే. మోకాళ్ల దాకా వచ్చే గౌను, కింద మేజోళ్లు. స్కాట్లాండ్‌లో అయితే అంతటా ఒకే రకం ట్యూనిక్, ప్యాంటు, నర్సులకి హోదాని బట్టి నీలంలో రకరకాల ఛాయలు. ఇంగ్లండ్‌లో రంగులు ఏ ట్రస్టుకి (ఆసుపత్రులు నడిపే సంస్థ) ఆ ట్రస్టువే, ఈ మధ్యే అంతటా ఒకే రకం తేవాలని మొదలుపెట్టారు. అందుకే జగదాంబ దగ్గర గుడ్డ కొని టైలర్ చేత నాలుగు జతలు కుట్టించుకుని వెళ్దామనుకునేవాళ్లు ఆ డబ్బు దాచుకోండి. యూనిఫాం వాళ్లే ఇస్తారు, మీరు కుట్టించుకున్న రంగు అక్కడ ఇంకో ఉద్యోగం వాళ్లది అయ్యుండొచ్చు.

అయితే గౌను ఇష్టపడేవాళ్లు లేరనుకోకండి. నాతో పనిచేసే పెద్ద వయసు ఇంగ్లిష్ సిస్టర్లు కొందరు గౌను తప్ప ఇంకేదీ ముట్టరు. వాళ్ల కారణాలు విన్నాక నాకు సబబే అనిపించింది. ఆ పాలియెస్టర్ కలిసిన ప్యాంటు వేసవిలో కాళ్లకి అతుక్కుపోతుంది, చలికాలంలో హీటర్లు పెట్టేస్తారు కాబట్టి అప్పుడూ వార్డు వేడిగానే ఉంటుంది, నెలసరి ఆగిపోయే వయసులో ఒళ్లంతా ఆవిర్లు వస్తుంటే నడుముకి బిగుతైన ఎలాస్టిక్ నరకం అంటారు. గౌనులో గాలి ఆడుతుంది, పన్నెండు గంటల షిఫ్టులో బాత్రూముకి వెళ్లడానికి దొరికే రెండు నిమిషాల్లో పని తేలిగ్గా అవుతుంది. ఇవి నిజమైన మాటలు. "ఇది వేసుకుంటేనే నర్సుననిపిస్తుంది" అన్నవాళ్లూ ఉన్నారు. మన పాత తరం సిస్టర్లలో తెల్లచీర వదలనివాళ్లని చూసినవాళ్లకి ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

నా సలహా మాత్రం, మొదటి ఏడాది ప్యాంటే. మంచం పక్కన వంగాలి, పేషెంటు కాలి పుండుకి కట్టు కట్టడానికి గొంతుక్కూర్చోవాలి, ఎవరైనా నేలమీద కుప్పకూలితే అక్కడే మోకాళ్లమీద కూర్చుని ఛాతీ నొక్కాలి. అలాంటప్పుడు గౌను ఎక్కడికి జరిగిందో అన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాకూడదు. కొత్త దేశం, కొత్త యాస, కొత్త మందుల చార్టు, వీటితోనే బుర్ర నిండి ఉంటుంది. కుదురుకున్నాక మార్చుకోవాలనిపిస్తే నిక్షేపంగా మార్చుకోండి.

స్క్రబ్స్, అంటే వదులైన మెత్తటి చొక్కా, ప్యాంటు జత, వాటి సంగతి వేరు. ఆపరేషన్ థియేటర్, ఐసీయూ లాంటి చోట్ల అవే, ఆసుపత్రే ఉతికిస్తుంది, డ్యూటీకి వచ్చాక వేసుకుని వెళ్లేటప్పుడు విప్పేసి ఇవ్వాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మామూలు వార్డుల్లో కూడా చాలామంది స్క్రబ్స్‌లోకి మారారు, మెత్తదనం అలవాటయ్యాక కొందరికి ట్యూనిక్‌లోకి తిరిగి రాబుద్ధి కాలేదు. కుర్ర నర్సుల్ని అడగండి, పదిలో ఎక్కువమంది స్క్రబ్సే అంటారు. నాకున్న ఇబ్బంది ఒక్కటే. డాక్టరు, నర్సు, ఫిజియో అందరూ ఒకే రంగు స్క్రబ్స్‌లో తిరిగితే, కళ్లు సరిగా కనిపించని ఎనభై ఏళ్ల పేషెంటుకి ఎవరిని పిలవాలో తెలియదు. రంగులు వేరుగా ఉంటే పర్లేదు.

ఇక అసలు విషయం, సైజు ఫారం. చేరిన మొదటి రోజుల్లో ఒక ఫారం ఇస్తారు, లేదా యూనిఫాం రూముకి పంపిస్తారు. మన పిల్లలు అక్కడ మొహమాటంతో "ఏదైనా ఓకే" అనేస్తారు. తర్వాత ఛాతీ దగ్గర బిగుతుగా, పొడవాటి ప్యాంటు మడుచుకుని నెలల తరబడి లాక్కొస్తారు. అలా చేయకండి. వేసుకుని చూడండి, చేతులు పైకెత్తండి, వంగండి, కూర్చోండి. ఛాతీ 36 అంగుళాలైతే అక్కడి లెక్కలో దాదాపు 12 నంబరు, కానీ చున్నీ అలవాటున్నవాళ్లకి ఒక సైజు పెద్దదే హాయి. చున్నీ లేకుండా నలుగురిలో తిరగడం మొదటి వారం ఇబ్బందిగానే ఉంటుంది, ట్యూనిక్ వదులుగా ఉంటే ఆ బెరుకు తొందరగా పోతుంది. ప్యాంటులో పొట్టి, మామూలు, పొడుగు అని కొలతలుంటాయి, మన ఎత్తుకి పొట్టిదే అడగండి. లేత రంగైతే లోపలికి ఒంటి రంగు బట్టలు పెట్టుకోండి. గర్భిణులకి వేరే యూనిఫాం ఉంటుంది, అదీ అడిగి తీసుకోవాలి.

చేతుల గురించి. మోచేతి కింద ఏమీ ఉండకూడదన్న నియమం ఇంగ్లండ్‌లో 2008 నుంచి గట్టిగా అమలవుతోంది. గాజుల్లేవు, వాచీ లేదు, పొడుగు చేతులు లేవు, నెయిల్ పాలిష్ లేదు, రాళ్లు లేని ఒక్క పెళ్లి ఉంగరం ఉండొచ్చు. వాచీ ఛాతీకి పిన్నుతో తగిలించుకునేది కొనుక్కోండి. చలి అని లోపల పొడుగు చేతుల థర్మల్ వేసుకుంటే పేషెంటు దగ్గర ఒప్పుకోరు. పెళ్లయినవాళ్లకి గాజులు తీయడం మనసుకి కష్టమే, అందుకే వెళ్లకముందే అత్తగారికీ అమ్మకీ చెప్పి ఉంచండి, వీడియో కాల్‌లో బోసి చేతులు చూసి వాళ్లు బాధపడతారు. ఇది చేతులు శుభ్రంగా కడుక్కోవడానికి పెట్టిన నియమమని చెబితే అర్థం చేసుకుంటారు. మంగళసూత్రం విషయం మాత్రం ఆసుపత్రిని బట్టి ఉంటుంది. పేషెంటు పట్టుకుని లాగితే మెడకి ప్రమాదమని గొలుసులు వద్దంటారు, మతపరమైనది అని మేనేజరుకి ముందే చెబితే లోపల కనిపించకుండా ఉంచుకోవడానికి ఒప్పుకునే చోట్లున్నాయి. చెప్పకుండా దాచుకోవద్దు. మెట్టెలు బూట్లలో ఉంటాయి, వాటితో గొడవ లేదు.

ఉతకడం కూడా చెప్పాలి. ఇంట్లో ఉతుక్కునే యూనిఫాం అయితే 60 డిగ్రీల వేడి నీళ్లలో మెషీన్‌లో వేయండి, ఇంటి బట్టలతో కలపకండి, మెషీన్ కుక్కి నింపకండి. పదిమంది ఉండే షేరింగ్ ఇంట్లో ఎవరో 30కి తిప్పి ఉంటారు, నొక్కే ముందు చూసుకోండి. బకెట్లో సర్ఫు వేసి నానబెట్టడం ఆ దేశంలో సరిపోదు, ఆరేయడానికి మన ఎండా ఉండదు. డ్యూటీకి వెళ్లేటప్పుడు పైన కోటు వేసుకోండి, యూనిఫాంతో సూపర్ మార్కెట్లో తిరగకండి. ఇన్ఫెక్షన్ మాట పక్కన పెట్టినా చూసేవాళ్లకి నచ్చదు.

అమెరికా వెళ్లేవాళ్లకి ఈ గొడవ తక్కువ. అక్కడ దాదాపు అంతా స్క్రబ్సే, చాలాచోట్ల మన డబ్బుతోనే కొనుక్కోవాలి. ఆఫర్ వచ్చి ఏ రంగో తెలిసేదాకా ఒక్కటి కూడా కొనకండి.

యూకే వాళ్లకి ఇంకొకటి, ఇది చాలామంది వదిలేసుకునే డబ్బు. యూనిఫాం మీరే ఉతుక్కుంటుంటే నర్సులకి ఏడాదికి 125 పౌండ్ల మీద పన్ను మినహాయింపు ఉంది, 20 శాతం పన్ను కట్టేవాళ్లకి 25 పౌండ్లు మిగులుతాయి, వెనక నాలుగేళ్లవి కూడా అడగొచ్చు. ఆసుపత్రే ఉతికించే చోట ఇది రాదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే ఉచితంగా పెట్టుకోవచ్చు, కమీషన్ తీసుకుని చేసిపెడతామనే ఏజెంట్ల దగ్గరికి వెళ్లకండి.