ఏఐ కోడ్ రాసేస్తుంటే ఇంకా బేసిక్స్ చదవడం దండగేనా? సీనియర్లు ఏమంటారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరులో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నానని, కోడ్‌లో సగానికి పైగా ఏఐతోనే రాయిస్తున్నానని, ఇలాంటప్పుడు ఆల్గారిథమ్స్, మెమరీ, డేటాబేస్ లోపలి సంగతులు మళ్లీ కూర్చుని చదవడం దండగేమోనని రాశారు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఏ పుస్తకాలు చదివారో కూడా చెప్పమన్నారు.

నేను 1997లో అనంతపురం నుంచి ఇక్కడికి వచ్చాను. మడివాలలో నలుగురం కలిసి ఒక గది తీసుకున్నాం. అప్పటినుంచి ఇదే ఊరు, ఇదే పని. దండగ కాదనే చెప్తాను. ఎందుకంటారా, 1999లో ఒక రాత్రి జరిగింది చెప్తే మీకే తెలుస్తుంది.

అప్పుడు ఊరంతా వైటూకే హడావిడిలో ఉంది, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం అది. మా కంపెనీ మాత్రం ఒక ఫైనాన్స్ సంస్థకి అప్పుల లెక్కల ప్రోగ్రామ్ చేస్తోంది. వడ్డీ కట్టే భాగం నాది. రోజూ సాయంత్రం మా ప్రోగ్రామ్‌లోని ఖాతాల మొత్తాన్ని వాళ్ల పాత లెడ్జర్ మొత్తంతో సరిచూసేవాళ్లం. మొదటిరోజు 37 పైసలు తేడా. మర్నాడు 61 పైసలు. మూడోరోజు అసలు తేడానే లేదు. నాలుగోరోజు మళ్లీ వచ్చింది. రౌండింగ్ తేడా అయ్యుంటుంది, కోట్ల లెక్కలో పైసలదేముందిలే అని నేను వదిలేద్దామనుకున్నాను.

ఆ ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ సంగతి నాన్నకి చెప్పాను. మా నాన్న వేరుశనగ మిల్లులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేశాడు. చిట్టా, ఆవర్జా రాయడమే ఆయన పని. "పైసలే కదా అని వదలొద్దురా. రెండు పెద్ద తప్పులు ఎదురెదురుగా నిలబడితే మిగిలేది చిన్న తేడానే" అన్నాడు. ఆయన కంప్యూటర్ని దగ్గరగా చూసింది కూడా లేదు.

సోమవారం రాత్రి మా టీమ్ లీడ్ మేడమ్, నేను ఆఫీసులో ఉండిపోయాం. ఖాతాలన్నీ ప్రింట్ తీశాం. పక్కన చిల్లులున్న వెడల్పాటి పేపర్, ఆకుపచ్చ చారలు, డాట్ మాట్రిక్స్ ప్రింటర్ గీక్కుంటూ గంటసేపు కొట్టింది. ఆవిడ స్కేలు పెట్టి ఒక్కో వరుసా చదవడం, నేను కాలిక్యులేటర్‌తో లెక్కగట్టి ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టడం. ఒంటిగంట దాటాక ఆవిడ నన్ను ఆపి, తేడా వచ్చిన ఖాతాలను మాత్రం వేరే కాగితం మీద రాయమంది. రాస్తే అన్నీ పెద్ద అప్పులే. లక్షా ముప్పై వేల లోపు ఉన్న ఖాతాల్లో ఒక్కటీ తప్పలేదు. ఆవిడ కాగితం అంచున 131072 అని రాసి దాని కింద గీత గీసింది. రెండుని పదిహేడుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య అది.

నేను డబ్బుని ఫ్లోట్‌లో దాచాను. ఫ్లోట్ అంటే ఫ్లోటింగ్ పాయింట్, దశాంశాలున్న సంఖ్యల్ని కంప్యూటర్ దాచుకునే పద్ధతి. 32 బిట్ల ఫ్లోట్‌లో అంకెలకి దక్కేవి 24 బిట్లే. సంఖ్య పెద్దదయ్యే కొద్దీ అది గుర్తుపెట్టుకోగల రెండు వరుస విలువల మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. రూ. 1,31,072 దాటాక ఆ ఎడం రూపాయిలో 64వ వంతు, అంటే ఒకటిన్నర పైసాకన్నా కాస్త ఎక్కువ. ఆ పైన పైసాకీ పైసాకీ తేడా చూపించడం దానివల్ల కాదు. ఒక ఖాతాలో పైసా ఎక్కువ, ఇంకో ఖాతాలో పైసా తక్కువ. తేడా లేదనుకున్న మూడోరోజున కూడా తప్పులున్నాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయంతే. నాన్న చెప్పింది అదే.

ఇంజనీరింగ్‌లో ఫ్లోటింగ్ పాయింట్ మీద పరీక్ష రాశాను, మార్కులూ బాగానే వచ్చాయి. అది నా ప్రోగ్రామ్‌లోనే కూర్చుని ఉందని ఆ రాత్రి దాకా తట్టలేదు. తెల్లారి అన్నీ పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యలుగా పెట్టాను. మేడమ్ దాన్నీ ఆపింది. మామూలు 32 బిట్ల పూర్ణసంఖ్యలో పట్టేది 214,74,83,647 వరకే. పైసల్లో లెక్కేస్తే రెండు కోట్ల పద్నాలుగు లక్షల చిల్లర. ఒక్కో అప్పుకి సరిపోతుంది, అన్ని ఖాతాల మొత్తానికి సరిపోదు. ఒక గుంతలోంచి బయటపడి వెంటనే ఇంకోదాంట్లో పడబోయాను.

ఆ ప్రోగ్రామ్ రాసిన టూల్ ఇప్పుడు లేదు. ఆ డేటాబేస్ లేదు, ఆ ప్రింటర్ లేదు. నేను కష్టపడి నేర్చుకున్న ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ టూల్ అడిగేవాళ్లు లేరు. కానీ ఫ్లోటింగ్ పాయింట్ లెక్కకి 1985లో పెట్టిన ప్రమాణమే మీ ఫోన్లోనూ ఉంది. ఇప్పుడే బ్రౌజర్ కన్సోల్ తెరిచి 0.1 + 0.2 అని కొట్టండి, 0.30000000000000004 వస్తుంది. అలాగే కంప్యూటర్ల లోపల 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండిపోతాయి. అప్పటికి సీనియర్లు మీరే. పాత మెషీన్లలో వాటిని వెతికే పని మీ తరానిదే.

ఇప్పుడు ఏఐ సంగతి. పోయినేడాది మా టీమ్‌లో ఒక బిల్లు మొత్తాన్ని భాగస్వాములకి పంచే పని వచ్చింది. కుర్రాడు ఏఐతో రాయించాడు. చూడ్డానికి చక్కగా ఉంది, నేను రాసినా అంత శుభ్రంగా రాయను. డబ్బుని ఫ్లోట్‌లో పెట్టే తప్పు కూడా చెయ్యలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి. రివ్యూలో రెండేళ్ల అనుభవమున్న ఒక అమ్మాయి, తిరుపతి వైపు నుంచి వచ్చింది, ఒక్క ప్రశ్న వేసింది: "సార్, వంద రూపాయల్ని ముగ్గురికి పంచితే 33.33 చొప్పున 99.99 అవుతుంది. మిగిలిన పైసా ఎవరికి?"

కోడ్‌లో దానికి జవాబు లేదు. టెస్టుల్లో ఉన్నవన్నీ సరిగ్గా భాగించబడే మొత్తాలే. కోడ్ రాసిందీ, టెస్టులు రాసిందీ ఆ ఏఐనే కాబట్టి, ఒకచోట మర్చిపోయింది రెండోచోట కూడా మర్చిపోయింది. ఆ పైసా ఎవరికి చెందుతుందో ప్రోగ్రామింగ్ భాషలో దొరకదు. అది ఒప్పందంలో ఉండాలి, లేదా క్లయింట్‌ని అడగాలి. అడిగాం. వాళ్లకీ తెలీదు. రెండు రోజులు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని చెప్పారు. ఆ అమ్మాయికి ఆ ప్రశ్న తట్టడానికి కారణం బేసిక్స్ అనే నేనంటాను. భాగహారంలో శేషం మిగులుతుందని మూడో క్లాసులో నేర్చుకున్నది ఆమె మర్చిపోలేదు.

ఉద్యోగాల మీద మీకున్న టెన్షన్ అర్థమవుతుంది. దీన్ని కొంచెం ఆర్థికశాస్త్రం వైపు నుంచి చూడాలి, నాకు అక్కడే ధైర్యం దొరికింది. కంప్యూటర్లు అన్నిచోట్లా కనిపిస్తున్నాయి, ఉత్పాదకత లెక్కల్లో తప్ప అని 1987లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో అన్నాడు. దానికి పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1990లో కరెంటు చరిత్రతో జవాబిచ్చాడు. అంతకుముందు ఫ్యాక్టరీలో ఒక పెద్ద ఆవిరి ఇంజన్, పైకప్పు పొడుగునా ఇరుసు, దానినుంచి ఒక్కో యంత్రానికి బెల్టు ఉండేవి. నాన్న పనిచేసిన మిల్లులో నా చిన్నప్పుడు కూడా ఆయిల్ ఇంజన్‌తో ఇదే ఏర్పాటు. 1880లలో కరెంటు వచ్చింది. చాలామంది యజమానులు ఆవిరి ఇంజన్ తీసేసి ఆ స్థానంలో పెద్ద మోటారు పెట్టి, ఇరుసూ బెల్టులూ అలాగే ఉంచారు. పెద్దగా ఒరిగింది లేదు. యంత్రానికో చిన్న మోటారు పెట్టుకుని, షెడ్డునే పని నడిచే వరుసకి తగ్గట్టు మార్చుకున్నాకే అమెరికాలో అసలు లాభం కనిపించింది. అది 1920లలో. దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన ఆఫీసుల్లో ఇరుసూ బెల్టులూ అలాగే ఉన్నాయి. పని రాసిచ్చే అదే టికెట్, రోజూ అదే స్టాండప్ మీటింగ్, అవే అప్రూవల్స్. మధ్యలో ఏఐ అనే మోటారు పెట్టాం. మా టీమ్‌లోనే చూస్తున్నాను, కోడ్ పది నిమిషాల్లో వస్తోంది, దాన్ని చదివి బాధ్యత తీసుకునే మనిషి కోసం నాలుగు రోజులు పడి ఉంటోంది. ఏదైనా చౌకయితే దాని పక్కనున్నది ప్రియమవుతుంది. మా అనంతపురంలో అందరం కళ్లారా చూశాం. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మోటారు నడిపే ఖర్చు లేదు, ఊళ్లో బోర్లు పెరిగాయి, వానలు మాత్రం లేవు. మా చేనులో 200 అడుగుల్లో పడే నీళ్లు తర్వాత 600 అడుగులు వేసినా పడలేదు. కరెంటు చౌక, నీళ్లు ప్రియం. పొదుపుగా బొగ్గు వాడే ఇంజన్లు వస్తే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని 1865లోనే ఆర్థికవేత్త జెవన్స్ రాశాడు. కోడ్ కూడా అంతే, చౌకయిన కొద్దీ ఇంకా ఇంకా రాయిస్తారు. అదంతా చదివి, ఇది తప్పు అని చెప్పగలవాళ్లు ప్రియమవుతారు.

మీ దగ్గర దాచడమెందుకు, స్పెసిఫికేషన్ ఇస్తే కోడ్‌గా మార్చి ఇచ్చే పని మీద ఈ ఊళ్లో వేలమందిమి ఇళ్లు కట్టుకున్నాం. ఆ పని తగ్గిపోతోంది. నాకు తెలిసిన మంచివాళ్లు, పనిమంతులు ఖాళీగా కూర్చున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. చదివే ఓపిక ఉన్న వయసులో మీరున్నారు కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పని గురించి ఒక్కమాట. 2004లోనే మేము ఎనిమిదిమంది చేస్తున్న ప్రాజెక్టు ఆలస్యమైంది. పైవాళ్లు ఇంకో ఆరుగుర్ని పంపారు. ఎనిమిదిమంది మధ్య మాట్లాడుకునే జతలు 28. పద్నాలుగుమంది అయితే 91. కొత్తవాళ్లకి నేర్పడానికి పాతవాళ్లం పని ఆపాం. ప్రాజెక్టు ఇంకో మూడు నెలలు వెనక్కి పోయింది. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపించిన అనుభవంతో. ఆ పుస్తకం, 'ది మిథికల్ మ్యాన్ మంత్', నేను అదంతా అయ్యాక చదివాను. మీరు ముందే చదవండి. 1995 ఎడిషన్ దొరికితే అది తీసుకోండి, ఇరవయ్యేళ్ల తర్వాత తన మాటల్లో ఏవి నిలిచాయో ఏవి పోయాయో ఆయనే విడిగా రాశాడు.

ఇంకో రెండు చెప్తాను. ఒకటి సీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద కెర్నిఘన్, రిచీ రాసిన పుస్తకం, 1988 నాటి రెండో ఎడిషన్. మూడొందల పేజీలు కూడా ఉండదు. సీలో ఉద్యోగం చెయ్యకపోయినా ఫరవాలేదు, మెమరీ అంటే ఏంటో చేత్తో తాకినట్టు తెలుస్తుంది. ఎక్సర్‌సైజులు ఏఐని అడక్కుండా చెయ్యండి, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను. రెండోది కంప్యూటర్లకి సంబంధం లేనిది, కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవల. సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో మొదలై ఆర్థికమాంద్యం రోజుల దాకా నడుస్తుంది. చదువుకీ సంపాదనకీ ముడి తెగిపోతే మధ్యతరగతి ఇంట్లో ఏమవుతుందో అందులో ఉంది. 2001లో డాట్‌కామ్ దెబ్బకి మా గదిలో నలుగురిలో ఇద్దరి ఉద్యోగాలు పోయినప్పుడు చదివాను. ఒకే కాపీ, నలుగురం చదివాం.

నా సీ పుస్తకం అవెన్యూ రోడ్‌లో పాత పుస్తకాల దగ్గర కొన్నది. అంతకుముందు ఎవరిదో తెలీదు, మార్జిన్లలో పెన్సిల్‌తో లెక్కలు చేసి ఉన్నాయి, కొన్ని తప్పులు. వాటి పక్కన నేను దిద్దినవి ఉన్నాయి. మిగిలిన పైసా గురించి అడిగిన అమ్మాయికి పోయిన నెల ఆ పుస్తకం ఇచ్చాను. ఇప్పుడు పాయింటర్ల అధ్యాయంలో, అంటే మెమరీ అడ్రసుల సంగతి చెప్పేచోట ఉంది. నేను దిద్దినదాంట్లో కూడా ఒకటి తప్పని మొన్న మధ్యాహ్నం తెచ్చి చూపించింది.