ఆంగస్ మెక్‌బీన్ ఎవరు? నాటకరంగ ఫోటోలకీ, కలల్లాంటి వింత దృశ్యాల్ని చూపించే సర్రియలిజం అనే కళా ధోరణికీ ఆయన ముడి ఎలా పెట్టాడు?

ఫోటోగ్రాఫర్ మెక్‌బీన్ 1904లో వేల్స్‌లో పుట్టాడు. లండన్‌లో లిబర్టీ అనే పెద్ద దుకాణంలో ఏడేళ్లు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేశాక నాటకాలకి మాస్కులు చేసేవాడు. 1936లో నటుడు ఐవర్ నొవెల్లో తన నాటకానికి మెక్‌బీన్ చేత మాస్కులు చేయించుకుని, ఫోటోలు కూడా ఆయన్నే తీయమన్నాడు. అందులో నటించిన వివియన్ లీ తర్వాత ఏళ్ల తరబడి ఆయన చేతే ఫోటోలు తీయించుకుంది.

అదే ఏడాది లండన్‌లో జరిగిన సర్రియలిస్టు ప్రదర్శన ప్రభావంతో, 'ది స్కెచ్' పత్రికకి నటీనటుల వింత పోర్ట్రెయిట్లు తీయడం మొదలుపెట్టాడు. ఆయన అసలు గొప్పతనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కలలాంటి ఆ దృశ్యాలకి కావలసిన సెట్టు ముందు స్టూడియోలో కట్టించేవాడు. 1950 నాటి ఒక ప్రకటన ఫోటో చూడండి. అప్పటికింకా పెద్దగా పేరు రాని నటి ఆడ్రీ హెప్‌బర్న్, ఇసుకలోంచి భుజాల దాకా మాత్రమే పైకి కనిపిస్తుంది. చుట్టూ బుల్లి గ్రీకు స్తంభాలు. వాటి పక్కన ఆమె ముఖం ఎంత పెద్దదిగా అనిపిస్తుందో!

1942లో మెక్‌బీన్‌ని స్వలింగ సంపర్కం నేరం కింద జైల్లో పెట్టారు, 1944లో వదిలారు. ఎంత అన్యాయమైన చట్టమో. అయినా యుద్ధం తర్వాత లండన్‌లోని కోవెంట్ గార్డెన్ దగ్గర స్టూడియో పెట్టి మళ్లీ నిలదొక్కుకున్నాడు.

1963లో బీటిల్స్ పాటల బృందం మొదటి ఆల్బమ్ కవర్ మీద, ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ ఆఫీసు మెట్ల దగ్గర నలుగురూ కిందికి చూస్తున్న ఫోటో కూడా ఈయన తీసిందే. 1990లో చనిపోయాడు.