మహమ్మారి సమయంలో అవయవ మార్పిడి ఆపరేషన్లు ఆపేస్తారా?

పూర్తిగా ఆపరు, ఎవరు ఆగగలరో చూస్తారు. 2020లో కోవిడ్ మొదలయ్యాక చాలాచోట్ల ముందు వాయిదా పడ్డవి బతికున్న దాతల నుంచి తీసుకునే కిడ్నీ మార్పిడులు. డయాలసిస్‌తో రోగి కొంతకాలం నెట్టుకురాగలడు, పైగా ఆరోగ్యంగా ఉన్న దాతను ఆ టైంలో ఆసుపత్రికి రప్పించడమూ రిస్కే. కాలేయం పూర్తిగా దెబ్బతిన్నవారికి ఆ వెసులుబాటు లేదు.

అసలు ఇబ్బంది ఐసీయూ దగ్గర. మార్పిడి తర్వాత కావలసిన పడకలు, వెంటిలేటర్లు, నర్సులే కోవిడ్ రోగులకూ కావాలి. అప్పట్లో దాతకూ గ్రహీతకూ ఆర్‌టీపీసీఆర్ తప్పనిసరి చేశారు. ఊపిరితిత్తులకైతే ముక్కు నమూనా ఒక్కటే చాలదు. అందులో నెగెటివ్ వచ్చినా దాత నుంచి వైరస్ సోకిన కేసులున్నాయి, అందుకే ఊపిరితిత్తుల లోపలి నుంచి కూడా నమూనా తీస్తారు.

ఇదివరకే మార్పిడి జరిగినవారిని వీలైనంతవరకు ఫోన్‌లో, వీడియోలో చూస్తారు. వాళ్లు ఇన్ఫెక్షన్ భయంతో ఇమ్యూనిటీ తగ్గించే మందులను సొంతంగా మానేస్తే, శరీరం కొత్త అవయవాన్నే తిరస్కరించవచ్చు.