నా బగ్ రిపోర్టును ‘బగ్ కాదు’ అని మూసేశారు, మళ్ళీ రాస్తే పట్టించుకుంటారా?

గుణుపురం నుంచి మీరు అడిగినదాని సారాంశం ఇది: రెండు ఫైళ్ళలో ఒడియా లిపిలో ఉన్న ‘రాయగడ’ అనే జిల్లా పేరును పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పోలిస్తే, తెరమీద రెండూ అచ్చు ఒకేలా కనిపిస్తున్నా, సమానం కాదనే జవాబు వస్తోంది. స్క్రీన్‌షాట్ జతచేసి, లోపాలను నమోదు చేసే పైథాన్ ఇష్యూ ట్రాకర్‌లో పెడితే కొద్దిసేపటికే ‘బగ్ కాదు’ అని మూసేశారు. మన భాషలంటే వారికి లెక్కలేదా అన్నది మీ సందేహం. నేను పర్లాకిమిడిలో ఉంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఆ ట్రాకర్‌లోకి వచ్చే కొత్త ఇష్యూలను చదివి, నా కంప్యూటర్‌లో నడిపి చూసి, ఫలితం కింద రాస్తుంటాను. లేబుళ్ళు పెట్టే అధికారం, ఇష్యూలు మూసే అధికారం నాకు లేవు. నడిపి చూసి వ్యాఖ్య రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా మీ ఇష్యూ సంగతి. ఒడియాలో ఆ పేరు రాసేటప్పుడు చివరి ‘డ’కు యూనికోడ్‌లో (ప్రతి లిపిలోని అక్షరాలకూ సంకేతాలు కేటాయించే ప్రమాణంలో) రెండు రూపాలున్నాయి. కింద చుక్క ఉన్న ‘డ’ను 0బి5సి అనే ఒకే సంకేతంతో రాయవచ్చు, లేదా మామూలు ‘డ’కు చెందిన 0బి21 తరువాత చుక్కకు చెందిన 0బి3సి చేర్చి రాయవచ్చు. ఈ రెండు రూపాలూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది గానీ, పైథాన్‌లోని సమానత్వ పరీక్ష సంకేతాలను వరుసగా పోలుస్తుందే తప్ప ఆ సమానతను లెక్కలోకి తీసుకోదు. అందువల్ల ఒక ఫైలులో ఏకసంకేత రూపమూ, మరొక ఫైలులో విడదీసిన రూపమూ ఉంటే, ఆ పేరు పొడవు మొదటిదానిలో 6, రెండవదానిలో 7 అని వస్తుంది. పోల్చే ముందు రెండింటినీ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్ ద్వారా ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చితే సమస్య తీరుతుంది. (ఎన్‌ఎఫ్‌సీ అంటే కలిపి రాసే రూపమని సాధారణంగా అనుకుంటాం గానీ, ఒడియాలోని ఈ చుక్క అక్షరాలను అది విడదీసిన రూపంలోనే ఉంచుతుంది, ఎందుకంటే యూనికోడ్ వాటిని కలపకూడని అక్షరాల జాబితాలో చేర్చింది. తెలుగులో ఐత్వాన్ని రెండు ముక్కలుగా రాస్తే మాత్రం ఒకటిగా కలిపేస్తుంది.)

కాబట్టి మూసివేయడం సరైన నిర్ణయమే. ట్రయాజ్ చేసేవారు, అంటే వచ్చిన ఇష్యూలను పరిశీలించి వర్గీకరించేవారు, ముందుగా చూసేది వాడేవారికి ఇబ్బంది కలిగిందా అన్నది కాదు. డాక్యుమెంటేషన్ చెప్పినదానికి భిన్నంగా భాష నడుస్తోందా అన్నది. స్ట్రింగులను (అక్షరాల వరుసలను) పోల్చడం గురించి, నార్మలైజ్ గురించి పైథాన్ యూనికోడ్ మార్గదర్శిలో ఒక విభాగమే ఉన్నది. మీ రిపోర్టులో ‘పైథాన్ డాక్యుమెంటేషన్ ఫలానా చోట ఇలా అంటోంది, నాకు ఇలా వచ్చింది’ అన్న వాక్యం ఒక్కటి రాయబోయి ఉంటే, ఆ విభాగం ముందుగా మీకే కనిపించి ఉండేది.

స్క్రీన్‌షాట్ విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. మీ సమస్య సారమంతా కంటికి ఒకేలా కనిపించే రెండు వేర్వేరు సంకేతాల వరుసలలో ఉన్నది. చిత్రం సరిగ్గా ఆ తేడానే దాచిపెడుతుంది. చదివేవారు దానిని కాపీ చేసుకొని నడపలేరు, ఒడియా లిపి రానివారైతే టైపు కూడా చేయలేరు. ఇటువంటి సందర్భంలో ఆ పదాన్ని పైథాన్‌లోని ఆస్కీ ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చిన సంకేతాల వరుసను పాఠ్యంగా అతికించండి. అప్పుడు లిపి తెలియని మెయింటెయినర్‌కు (పైథాన్ కోడును నిర్వహించేవారికి) కూడా ఎక్కడ తేడా ఉన్నదో క్షణంలో అర్థమవుతుంది. భారతీయ లిపుల రిపోర్టులు ముందుకు కదలకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే; నిర్లక్ష్యం కాదు, చదివేవారి చేతికి నడపగలిగినది ఏదీ అందకపోవడం.

అయితే మన లిపులకు సంబంధించిన ప్రతి ఫిర్యాదూ ఇలాగే తేలిపోదు. మా ఊరిలో శుభలేఖలను తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేసే ఒక డీటీపీ దుకాణానికి పదాలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చినప్పుడు, పాఠ్యంలో నమూనాలను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదాక్షరాన్ని సూచించే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుర్తుతో ‘తెలుగు’ అన్న పదాన్ని వెతికితే, ఒక పదానికి బదులు త, ల, గ అనే మూడు ముక్కలు వచ్చాయి. గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో అక్షరాలుగా కాక చిహ్నాలుగా వర్గీకరించబడ్డాయి. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ పరిధిలోకి వచ్చేవి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమేనని పైథాన్ డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. ఇంతవరకు చూస్తే ఇదీ ‘బగ్ కాదు’. కానీ అదే ‘తెలుగు’ను వేరియబుల్ పేరుగా పెట్టుకుంటే పైథాన్ 3 నిరభ్యంతరంగా ఒప్పుకుంటుంది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లపై యూనికోడ్ చేసిన సిఫారసు కూడా ఆ గుణింతపు గుర్తులను పదంలో భాగంగానే లెక్కిస్తుంది. అంటే ఇక్కడ డాక్యుమెంటేషన్‌కూ ప్రవర్తనకూ మధ్య తేడా లేదు, తేడా రూపకల్పనలోనే ఉన్నది. ఇదే సంగతిపై 2007లోనే ఇష్యూ నమోదయింది. పరిష్కారం తేలిక కాకపోవడానికి కారణమూ ఉన్నది: బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అర్థాన్ని మార్చితే, దానిమీద ఆధారపడి ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రాముల ఫలితాలు మారిపోతాయి. నేను కొత్త ఇష్యూ తెరవలేదు. విడిగా వేసుకొనే రెజెక్స్ మాడ్యూల్ ఈ పదాన్ని ముక్కలు చేయదు గనుక దుకాణంవారికి దానితో పని జరిగేలా చేశాను. ఇటువంటివాటికి తగిన లేబుల్ టైప్-బగ్ (లోపం) కాదు, టైప్-ఫీచర్ (కొత్త సౌకర్యం). ఆ తేడా తెలిసి రాసినవారి వాదనను మెయింటెయినర్లు ఓపికగా వింటారని గమనించాను.

కొత్తది రాసే ముందు పాతవాటిలో వెతకడం అవసరం. 2022 ఏప్రిల్‌లో ట్రాకర్ గిట్‌హబ్ అనే కోడు నిల్వ సైటుకు మారినప్పుడు పాత ఇష్యూలు కూడా వెంట వచ్చాయి, కాబట్టి పదిహేనేళ్ళ నాటి చర్చలు కూడా వెతికితే దొరుకుతాయి.

వెర్షన్ సంగతి మన ప్రాంతపు కాలేజీ ల్యాబ్‌లకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. విండోస్ 7 ఉన్న యంత్రాలలో పైథాన్ 3.8 దాటి వేయడం కుదరదు, ఆ 3.8కి మద్దతు 2024 అక్టోబరుతో ముగిసింది. ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ వస్తుంది; దానికి మొదటి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ వరకే బగ్ సవరణలు అందుతాయి, ఆ తరువాత అయిదేళ్ళు నిండేవరకు భద్రతా సవరణలు మాత్రమే. అందుచేత ల్యాబ్‌లో కనిపించిన సమస్యను, స్నేహితుల ల్యాప్‌టాప్ మీదనైనా సరే, తాజా వెర్షన్‌లో ఒకసారి నడిపి చూసి, అక్కడా వస్తేనే రాయండి. పాత వెర్షన్‌లో సరిగ్గా పనిచేసి కొత్తదానిలో చెడినదైతే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పండి, ఎందుకంటే అటువంటి రిపోర్టు విలువ వేరు. ఏ మార్పుతో చెడిందో గిట్ బైసెక్ట్ అనే ఆదేశంతో కనిపెట్టవచ్చు; సగానికి సగం తగ్గిస్తూ వెతుకుతుంది గనుక వెయ్యి కమిట్ల (కోడులో నమోదైన మార్పుల) మధ్యనైనా సుమారు పది పరీక్షలు చాలు. శుద్ధమైన పైథాన్ కోడు నడుస్తుండగా ఇంటర్‌ప్రెటరే కుప్పకూలితే అది టైప్-క్రాష్, దానిమీద పెద్దగా వాదన ఉండదు. భద్రతకు సంబంధించిన లోపాన్ని మాత్రం బహిరంగ ఇష్యూగా పెట్టకూడదు. దానికోసం పైథాన్ భద్రతా బృందానికి వేరుగా ఈమెయిల్ చిరునామా ఉన్నది.

ఇక మీరు ఇప్పుడు చేయదగినది: మూసిన ఇష్యూను తెరవమని అడగకండి. నేను చెప్పిన యూనికోడ్ మార్గదర్శి విభాగంలో ఉన్న ఉదాహరణ పైన టోపీ గుర్తు ఉన్న ఫ్రెంచి ‘ఇ’ అక్షరం. దానిని చదివి, ఇది తన ఒడియా ఫైలుకు వర్తిస్తుందని గుణుపురం విద్యార్థికి తట్టకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఎన్‌ఎఫ్‌సీలో కూడా విడిగానే ఉండిపోయే అక్షరాలున్నాయన్న విషయం మీద, ఆస్కీ ఫంక్షన్ ఇచ్చే వరుసలతో ఒక చిన్న ఉదాహరణ తయారుచేసి, డాక్యుమెంటేషన్ ఇష్యూగా ప్రతిపాదించండి. అంగీకరిస్తారని హామీ ఇవ్వలేను, కానీ ‘బగ్ కాదు’ అన్న జవాబు దానికి రాదు. పెట్టిన తరువాత లింకు ఇక్కడ రాస్తే, నా దగ్గర కూడా నడిపి చూసి ఫలితం దాని కింద చేరుస్తాను.