దిబ్బ మన్ను తీసే ముందు

అనంతపురం

చిరంజీవి సుజాతకు, పెద్దనాయన ఆశీస్సులు.

రామగిరి పాత బంగారు గని దిబ్బల మన్ను తెచ్చి, లోహాల మధ్య సూక్ష్మజీవులు ఎట్లా బతుకుతున్నాయో చూస్తానన్నావు. మంచిపనే. అయితే "పది చోట్ల మన్ను తీసి కలుపుతాను" అని రాశావే, అది చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. కలిపావంటే చూడాల్సిందే పోతుంది.

బోడి నేల మన్ను, గడ్డి కింద మన్ను, సర్కారు తుమ్మ కింద మన్ను మూడూ వేర్వేరు సంచుల్లో పెట్టు. వేరు చుట్టూ చక్కెరలు, ఆమ్లాలు ఊరుతుంటాయి. వాటికి బాక్టీరియా మూగుతుంది. లోహాన్ని తట్టుకోవడానికి కావలసిన శక్తి దానికి ఆ తిండి నుంచే వస్తుంది. కానీ అవే ఆమ్లాలు మన్నుకు అతుక్కున్న లోహాన్ని కరిగించి నీళ్లలోకీ వదలగలవు. అందుకే మొక్క ఉంటే మేలేనని ముందుగానే రాసుకోవద్దు.

ఇంకో చిక్కుంది. పచ్చగా ఉన్నచోట బాక్టీరియా ఎక్కువ కనబడింది అనుకో. అది మొక్క చలవేనా? లోహం తక్కువున్నందుకు మొక్కా, బాక్టీరియా రెండూ బతికాయా? దిబ్బ మీద ఎంత తిరిగినా ఇది తేలదు. ఒకే మన్ను కుండీల్లో నింపి, కొన్నిట్లో గడ్డి, కొన్నిట్లో వేరుశనగ వెయ్యి, కొన్ని ఖాళీగా వదులు. ఖాళీ వాటికీ అంతే నీళ్లు పొయ్యాలి, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు.

వేరుశనగ ఎందుకంటే, ఇంగ్లండులో వోబర్న్ దగ్గర 1942 నుంచి 1961 దాకా పొలానికి లోహాలు కలిసిన మురుగు మడ్డి వేశారు. ఆపి ఇరవై ఏళ్లు దాటాక చూసినా సూక్ష్మజీవుల మొత్తం మామూలు మడితో పోలిస్తే సగమే ఉంది. అక్కడి క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్కకు, మన వేరుశనగకు లాగే, వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా ఉంటుంది. ఆ మడిలో బుడిపెలు వచ్చాయి గానీ నత్రజని పట్టలేదు. నువ్వూ బుడిపెను గోటితో చీల్చి చూడు. లోపల ఎర్రగా ఉంటే పనిచేస్తున్నట్టు, తెల్లగా ఉంటే అనుమానించాల్సిందే.

మన్ను తీసేటప్పుడు జింకు పూత పార వాడకు, లెక్కలోకి ఆ జింకు కూడా వచ్చేస్తుంది. ప్లాస్టిక్ గరిటె చాలు. అన్నిచోట్లా ఒకటే లోతు, 15 సెంటీమీటర్లు. మొక్కను పీకి దులిపాక వేళ్లకు అంటుకుని మిగిలేదే నీకు అసలు మన్ను. లోహాల పరీక్షకైతే ఆరబెట్టుకో, సూక్ష్మజీవుల వాటా మాత్రం ఐసు డబ్బాలోనే రావాలి.

సూక్ష్మజీవులు ఎంత చురుగ్గా ఉన్నాయో రంగుతో చూపే డీహైడ్రోజినేస్ పరీక్ష చేస్తానన్నావు. చవకైనది, ఎర్రరంగు బాగా కనబడుతుంది. కానీ మన్నులో రాగి ఎక్కువుంటే బాక్టీరియా బాగున్నా రంగు తగ్గుతుంది. రాగి ఎంతుందో ముందు తేల్చుకుని, అప్పుడే ఆ అంకె నమ్ము. దీనికి తోడు మన్ను వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా కొలువు.

మిద్దె మీద పాత కుండీలున్నాయి, పట్టుకుపో. అడుగున పళ్లేలు పెట్టు. కారిన నీళ్లు మాత్రం మీ పెద్దమ్మ కరివేపాకు చెట్టుకు పొయ్యకు తల్లీ.

మీ పెద్దనాయన