వడదెబ్బకు జ్వరం మాత్ర వేయకండి

ప్రశ్న: పెరంబూరులో మూడో అంతస్తులో ఉంటాం. మా పగ్‌ కుక్క చిట్టికి నాలుగేళ్లు, బరువు 10 కిలోలు. ఈ ఎండలకు బాగా రొప్పుతోంది. మొన్న సాయంత్రం నాలుగున్నరకు వాకింగ్‌కు తీసుకెళ్లి వచ్చాక ఒళ్లు కాలిపోయింది, రెండుసార్లు వాంతి చేసుకుంది. జ్వరమనుకుని పారాసిటమాల్ 650లో సగం పెరుగన్నంలో కలిపి పెట్టాను, రాత్రికి మిగతా సగం. మర్నాడు లేచి తిరిగింది కానీ తిండి సరిగా తినడం లేదు. వేసవికి గుండు చేయిస్తే చల్లగా ఉంటుందా? ఏసీలో పడుకోబెట్టవచ్చా?
– ఓ పాఠకురాలు, చెన్నై

సలహా: గుండు సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు చిట్టిని ఈ రోజే డాక్టరుకు చూపించండి. మీకు వేపేరి దగ్గరే, అక్కడి మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికైనా సరే, మీరు ఎప్పుడూ చూపించే డాక్టరుకైనా సరే. ఇక్కడ కూర్చుని ఉత్తరం చదివి ఇదే జబ్బని నేను తేల్చలేను. కానీ మీరు రాసినదంతా వడదెబ్బలాగే ఉంది. వడదెబ్బ తగిలిన కుక్క ఆ పూటకు తేరుకున్నట్టే కనిపిస్తుంది. కిడ్నీ, లివర్ దెబ్బతిన్నా, రక్తం గడ్డకట్టడంలో తేడా వచ్చినా ఆ సంగతి ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. అందుకే 'లేచి తిరిగింది' అన్న మాట కంటే 'తినడం లేదు' అన్న మాటే నన్ను కంగారుపెడుతోంది. రక్తపరీక్షలో కిడ్నీకి క్రియాటినిన్, లివర్‌కు ఎస్‌జీపీటీ, రక్తం గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లు చూడమని అడగండి. ఒంటి మీద గోమార్లు ఉంటే వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ పరీక్ష కూడా చేయిస్తారు, అది కూడా ఈ కాలంలో ఎక్కువే.

మాత్ర వేసిన సంగతి మాత్రం అక్కడ దాచవద్దు. తిడతారని చాలామంది చెప్పరు. చెప్పకపోతే మా డాక్టర్లకు సగం దారి మూసుకుపోతుంది.

జ్వరం వేరు, వడ వేరు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, మాత్ర దాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు వేడి దించాలనే చూస్తోంది, ఒంటికి చేతకావడం లేదు. అక్కడ జ్వరం మాత్రకు పనే లేదు. పైగా అప్పటికే వేడికి నలిగిన లివర్ మీద అదో భారం. సగం మాత్ర అంటే 325 మిల్లీగ్రాములు. పది కిలోల కుక్కకు అది కిలోకు 32 పైనే. అవసరమై మేం రాసినప్పుడు సాధారణంగా కిలోకు 10 నుంచి 15 లోపే రాస్తాం. మీరు దానికి రెట్టింపు, అదీ ఒకే రాత్రిలో రెండుసార్లు వేశారు. ప్రాణం తీసే మోతాదని భయపెట్టడం లేదు. కానీ చిగుళ్లు గోధుమరంగుకో నీలానికో తిరిగినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా, ముఖం వాచినా, కళ్లు పచ్చబడినా క్షణం ఆగకండి.

ప్రతి వేసవిలో ఇదే చూస్తున్నాను. మెడికల్ షాపుకెళ్లి 'కుక్కకు జ్వరం' అంటే ఏదో ఒక మాత్ర చేతిలో పెడతారు. అది ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర అయితే కడుపులో పుండ్లు పడి రక్తపు వాంతులవుతాయి, కిడ్నీలు పోతాయి. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు పారాసిటమాల్ ముక్క కూడా దాని దరిదాపులకు రానివ్వకండి. డాక్టరుకు ఒక్క ఫోన్ చేయడానికి మొహమాటం దేనికి తల్లీ?

మళ్లీ ఇలా అయితే ఏం చేయాలంటే, ముందు చల్లబరచండి, తర్వాత ఆస్పత్రికి బయల్దేరండి. నీడలోకి తెచ్చి పొట్ట, తొడల సందులతో సహా ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ ఫ్యాన్ పెట్టండి. చెన్నైలో మే నెల మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి, కుళాయి తిప్పి అవే పోయకండి. తాగే క్యాన్ నీళ్లు వాడండి. తడి తువ్వాలు చుట్టి వదిలేస్తే అదే వేడెక్కి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. నోట్లో నీళ్లు బలవంతంగా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటరు ఉంటే మలద్వారంలో పెట్టి చూడండి. మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 105 దాటితే ప్రమాదం. 103.5కు దిగాక తడపడం ఆపేయాలి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది.

పగ్‌కు ముక్కు పొట్టి. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లకే, వేడి దించుకునేది రొప్పుతోనే. పొట్టి ముక్కుతో ఆ రొప్పు సరిగా సాగదు, సముద్రపు ఉక్కలో మరీ సాగదు. నాలుగున్నరకు రోడ్డు ఎలా ఉంటుందో మీ అరచేయి ఆనించి చూడండి. తెల్లారి ఆరులోపు, లేదంటే రాత్రి ఎనిమిది దాటాక ఓ పది నిమిషాలు తిప్పితే చాలు. మెడకు పట్టీ కాకుండా ఛాతీకి హార్నెస్ వేయండి.

గుండు వద్దు. ఆ వెంట్రుకలు ఎండను కూడా ఆపుతాయి, తీసేస్తే చర్మం మాడుతుంది. రోజూ దువ్వి రాలే జుట్టు తీసేస్తే సరిపోతుంది. ఏసీ 26, 27లో పెట్టి నిక్షేపంగా పడుకోబెట్టండి.

మీరు అడగలేదు కానీ, పగ్‌కు 10 కిలోలు ఎక్కువ. 6 నుంచి 8 మధ్య ఉండాలి. ఆ కొవ్వుతో ఊపిరి ఇంకా కష్టమవుతుంది. చిట్టి కోలుకున్నాక అన్నం ఎంత తగ్గించాలో ఆ డాక్టరునే అడిగి రాయించుకోండి.