జీతం రాకముందే ఈఎంఐ మొదలైతే?

ప్రశ్న: మాది విజయనగరం, వయసు 23. బట్టల షాపులో చేస్తున్నా, జీతం 10,000. ఇంట్లోనే ఉంటున్నా. కాఫీ షాపులో కాఫీ చేసే బరిస్టా అవ్వాలనుంది, అనుభవం లేదు. బెంగళూరులో కోర్సు ఫీజు 80,000. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి అది కట్టేసి, ఖర్చులకు లోన్ యాప్‌లో 30,000 తీసుకుందామనుకుంటున్నా. యాప్ ఫీజు 1,500 ముందే పట్టుకుంటారు, ఆరు నెలలు 6,000 చొప్పున కట్టాలి. తర్వాత విశాఖలో 15,000 జీతం వస్తుందంటున్నారు. సరైనదేనా?

జవాబు: బరిస్టా అవ్వండి. అప్పు మాత్రం వద్దు. పని నేర్చుకోకముందే అప్పుతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువైపోతున్నారు, అందుకే మీకు జవాబు రాస్తున్నాను.

మీ చేతికొచ్చేది 28,500, కట్టేది 36,000. అసలు నెలనెలా తగ్గుతుంది కాబట్టి ఇది నూటికి నెలకు ఏడు రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఏడు రూపాయలు అడిగితే మీ అమ్మగారు గుమ్మం ఎక్కనిస్తారా? గొలుసు ఆమె మెడలోనే ఉండనివ్వండి.

పెద్ద కాఫీ చెయిన్లు కొత్తవాళ్లను తీసుకుని తామే పని నేర్పుతాయి. ఎస్‌ప్రెస్సో 25-30 సెకన్లలో దిగేలా గింజల మరను సరిచేసుకోవడం, పాలు 60-65 డిగ్రీల దగ్గర ఆపడం కౌంటర్ వెనక నిలబడి వందల కప్పులు చేస్తేనే చేతికొస్తాయి. కోర్సు కావాలంటే ఏడాది పనిచేశాక, దాచిన డబ్బుతో చూడండి. కాఫీ బోర్డు కూడా బెంగళూరులో శిక్షణ ఇస్తుంది.

నా భయమంతా మీ మొదటి మూడు నెలల గురించి. హాస్టల్ అడ్వాన్సు చేరిన రోజే కట్టాలి, జీతం నెల తిరిగాక వస్తుంది. జ్వరమొచ్చి వారం ఇంట్లో ఉంటే ఆ వారం జీతం ఎవరిస్తారు? ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే వైద్యం అందుతుంది. కానీ అనారోగ్య భృతి రావాలంటే ముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. అప్పటిదాకా మిమ్మల్ని కాపాడేది మీ దగ్గరున్న నగదే.

విశాఖలో నెలకు 12,000 ఖర్చు అనుకుందాం, మూడు నెలలకు 36,000. యాప్‌కు కడదామనుకున్న ఆ 6,000నే ఇప్పటి జీతంలోంచి ఆర్‌డీ వేయండి. ఆరు నెలల్లో అంత అవుతుంది. అది చేతిలో పడేదాకా ఇల్లు కదలొద్దు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) ఈ వారమే బ్యాంకులో పెట్టించండి.

ఈలోగా వారపు సెలవు రోజున పొద్దున్నే రైలెక్కి విశాఖలో ఇంటర్వ్యూలకు వెళ్లిరండి. శిక్షణ రోజులకు జీతం ఇస్తారా, ఈఎస్‌ఐ కడతారా అని తప్పకుండా అడగండి.